పేజీ నంబర్లు

మార్కాపురంలో మా వీధి మొత్తం
పలకల పొడి రంగులో ఉండేది.
ఆరేసిన బట్టలు, కాకులు, మా నాయన కనుబొమలు
అన్నీ ఆ రంగే.
వేరే రంగులున్నది గ్రంథాలయంలో ఒక్క బీరువాలో,
దాని తాళం ఖాసింపీరా సారు జేబులో.

ఆరో తరగతి వేసవిలో ఒక కథ చదివాను.
ఒక పిల్లోడు వాళ్ల నాయన చొక్కా జేబులోంచి
పది రూపాయలు తీస్తాడు.
నాయనకి తెలుస్తుంది.
రాత్రి పని నుంచి వచ్చి, చొక్కా విప్పి,
మళ్లీ ఆ మేకుకే తగిలిస్తాడు.

దెబ్బల కోసం పేజీ తిప్పాను.
అక్కడ వేరే కథ పేరుంది.

ఎండలో చెప్పుల్లేకుండా పరిగెత్తి
"ఎవురో ఆఖరి పేజీ చించారు సార్" అన్నాను.
ఆయన అద్దాలు ముక్కు మీదికి జార్చి
నలభై ఏడు, తిప్పి, నలభై ఎనిమిది,
ఒకే కాగితానికి ఇటూ అటూ చూపించారు.
"ఏం పోలేదమ్మే. కథ అంతే."

మాలకొండమ్మ అప్పటికే బడి మానేసింది.
పలకల ఫ్యాక్టరీలో చెక్కలకి మేకులు కొట్టేది,
డజనుకి ఇంతని.
మధ్యాహ్నం సద్ది వేళకి నేను పోతే
పలకల కట్ట మీద పక్కకి జరిగి
"చదువు" అనేది, ముద్ద నోట్లో పెట్టుకుంటానే.
కథలో వాన పడితే
"యాడ పడింది? కంభం వైపా?" అని అడిగేది.
రాజకుమారులంటే దానికి గిట్టదు.
చొక్కా కథ మాత్రం మూడుసార్లు చదివించుకుంది.
మూడోసారి అంది:
"ఆ పిల్లోడికి ఆ రాత్రి నిద్ర పట్టుండదు.
అది రాయలేదు చూడు, తెలివిగల్లోడు."

నాకప్పుడు అర్థం కాలా.

ఆ పుస్తకమే తర్లుపాడు బస్సులో మరిచిపోయాను.
వారం రోజులు ఆ వీధి తొక్కలేదు.
ఖాసింపీరా సారు ఇంటికే కబురు పెడితే
నా నోట్లోంచి మాట ఎంత సాఫీగా వచ్చిందంటే
ముందే అచ్చేసి పెట్టినట్టు:
"మాలకొండమ్మ తీసుకుంది సార్, తిరిగియ్యలా."

పద్దెనిమిది రూపాయలు.
అది ఎన్ని డజన్ల మేకులో నేను లెక్కేయగలను,
లెక్కల్లో నాకు మంచి మార్కులే.
వేయలేదు.

అది కట్టేసిందని తెలిసిన తెల్లారి
ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను.
తిడుతుందని, సుత్తి విసురుతుందని,
కనీసం ముఖం తిప్పుకుంటుందని
అన్నిటికీ జవాబులు కూడబలుక్కున్నాను.
అది నన్ను చూసింది.
కట్ట మీద కొంచెం పక్కకి జరిగింది,
ఎప్పుడూ నాకిచ్చేంత చోటే.
"ఏం తెచ్చావు ఈ పొద్దు?" అంది.

కూర్చున్నాను.
ఏం చదివానో గుర్తులేదు.
అక్షరాల మీద పొడి రాలుతానే ఉంది,
నేను ఊదుతానే ఉన్నాను.

మా అమ్మ ఉగాదికుగాదికీ
గోడ మీద బొగ్గుతో నా ఎత్తు గీసేది.
ఆ ఏడు గీత పెద్దగా పైకి పోలేదు.

ఇప్పుడు పలకలు కొనేవాళ్లు తక్కువ.
మాలకొండమ్మది బస్టాండు పక్కన కుట్టుమిషను.
నా రవికలు తనే కుడుతుంది.
కొలత తీస్తా "లావయ్యావు మే" అంటుంది.
చెప్పాల్సిన మాట గొంతు దాకా వస్తుంది,
తను టేపు మెడలో వేసుకుని
వెనకటి బాకీ ఎంతో చూసి చెబుతుంది.

మొన్న మా బళ్లో ఏడో తరగతి పిల్ల హుస్సేనమ్మ
పుస్తకం చంకలో పెట్టుకుని కోపంగా వచ్చింది.
"టీచర్, దీనికి చివరి పేజీ లేదు."
పుస్తకం తీసుకుని
ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాను.
ఇటువైపు అక్షరాల సందుల్లోంచి
అటువైపు అక్షరాలు
తిరగబడి, నీడల్లే కనిపిస్తున్నాయి.

"ఏం పోలేదమ్మే" అన్నాను.
ఆ తర్వాతి మాట
నా నోట రాలేదు.